ఎలుగొడ్డు దిగిన ఏడాది బొంతలు

బొంత అయిపోయిన రోజు మా ఇంట్లో ఇంకో పని సాగేది కాదు. మా అత్త జయలక్ష్మమ్మ నడిమధ్యన చివరి కుట్టు వేసి, దారం పంటితో కొరికి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అరచేత్తో నిమిరేది. తర్వాత నన్ను పిలిచి దాని మీద కూర్చోబెట్టేది. మెత్తగా ఉందని నేను చెప్పాలి. వేయించిన చెనిక్కాయ గింజలూ బెల్లమూ ఇద్దరం కలిసి నమిలేవాళ్ళం. అవి నోట్లో ఉండగానే ఆమె చూపు మూలనున్న పాతచీరల మూట మీదికి పోయేది. పొద్దు వాలకముందే ఇంకో బొంతకు గుడ్డ పరిచేది. "సూదిని ఊరికే పండబెడితే తుప్పు పడుతుంది మే" అనేది.

నాకు కుట్టు రాదు. పెళ్ళయిన కొత్తలో ఆమె నేర్పబోయింది. నేను ఒక వరస కుట్టేసరికి మూడుసార్లు వేలు పొడుచుకున్నాను. "సుచిత్రా, నువ్వు పో, సంగటి కెలుకు పో" అని నవ్వి సూది లాక్కుంది. ఆమె బొంతలు, నా వంట, మా ఆయన చంద్ర సేద్యం. ఇల్లు అలా నడిచేది.

మాది పెనుకొండ కొండకు వెనకవైపు పల్లె. కొండకూ ఊరికీ మధ్య మా చెనిక్కాయ చేను. ఆ ఏడు వానలు వేళకు పడ్డాయి. వేరుశనగ ఊడలు దిగింది, కొండ మీద సీతాఫలాలు విరగకాశాయి. పండ్లు మాగితే ఎలుగొడ్డు కిందికి దిగుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఏటా ఎవరో ఒకరు చూసేవాళ్ళు. దూరం నుంచి చూసి వచ్చి చెప్పుకొనేవాళ్ళు, అంతే.

ఆ రోజు తెల్లవారుజామునే కరెంటు ఇచ్చారు. మోటారు వేయడానికి చంద్ర చేనికి పోయాడు. అత్త ధర్మవరం ప్రేమలతమ్మ బొంత కుడుతోంది. ప్రేమలతమ్మ వాళ్ళది పట్టుమగ్గాల ఇల్లు. కూతురు కాన్పుకొస్తుందని పెద్ద బొంత కావాలంది. ఎండ గడపలోకి వచ్చే వేళకు అది అయిపోయింది. నేను దాని మీద కూర్చున్నాను. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను.

అప్పుడు హనుమంతప్ప వచ్చాడు. పక్క చేను ఆయనది. మామూలుగా వీధి మొదట్లోంచే కేకలు వేసే మనిషి. ఆ రోజు ఏమీ అరవకుండా గడపలో నిలబడ్డాడు. పంచె నిండా మట్టి.

"ఒక దుప్పటి ఇయ్యమ్మా" అన్నాడు మెల్లగా. "గట్టిది. నలుగురు మోసేంత గట్టిది."

ఎవరికని నేను అడగలేదు. అత్త కూడా అడగలేదు. నా కింద నుంచి ఆ బొంతను లాగి ఆయన చేతికిచ్చింది.

బొంత నాలుగు మూలలూ నలుగురు పట్టుకుని తెచ్చారు. ముఖం మీద తువ్వాలు కప్పి ఉంది. కాళ్ళను బట్టి పోల్చుకున్నాను. కుడి కాలికి చెప్పు ఉంది, ఎడమ కాలికి లేదు. ఆటోలో పెనుకొండ, అక్కడి నుంచి అంబులెన్సులో హిందూపురం. దారిపొడవునా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నోట్లో బెల్లం తీపి ఇంకా ఉందని ఆసుపత్రి మెట్లెక్కేటప్పుడు తెలిసింది. మింగలేక పక్కకు పోయి ఉమ్మేశాను.

మోటారు కొట్టం వెనక కలివికంప పొద దగ్గర ఎలుగొడ్డు పిల్లల్తో ఉందట. ఆయన తెలియక మధ్యలోకి పోయాడు. హనుమంతప్ప డబ్బా మోగించుకుంటూ పరిగెత్తి రాకపోయుంటే ప్రాణం దక్కేది కాదు.

కళ్ళు దక్కాయి. ఎడమ చెవి పోయింది. ఎడమ చెంప, పెదవి కొస, తల మీది చర్మం కుట్టి నిలబెట్టారు. ఇంటికి తెచ్చిన రోజు అత్త తువ్వాలు తీసి ఆ కుట్ల వెంబడే, తగలకుండా, వేలు పోనిస్తూ చూసింది.

"ఎవురో గాని మంచి చెయ్యి" అంది. "కుట్టుకు కుట్టు సమానంగా ఏసినారు."

అని వంటింట్లోకి పోయింది. పొయ్యి వెలిగించకుండా దాని ముందు చాలాసేపు కూర్చుంది.

తర్వాత మొదలైంది అసలు భయం.

చంద్ర గడప దాటలేదు. పెరట్లోకి పోవాలన్నా పట్టపగలు, పక్కన నేనో అత్తో ఉండాలి. కుక్కరు విజిలేస్తే గోడకు అతుక్కుపోయేవాడు. వీధిలో పిల్లలు సెల్లులో ఎలుగొడ్డు వీడియో పెట్టుకుని చూస్తున్నారు. ఆ గురగుర చెవిన పడి, తింటున్న కంచం వదిలేసి మంచం కిందికి దూరాడు. ఆరడుగుల మనిషి. మంచం కింద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, "తలుపెయ్యి మే, తలుపెయ్యి" అంటుంటే నేను తలుపు వేసి దానికి ఆనుకుని నిలబడ్డాను. నాకూ భయమేసింది. ఎలుగొడ్డు వల్లనో, ఆయన వల్లనో నాకే తెలియలేదు.

చేను నా మీద పడింది. ఫారెస్టు వాళ్ళు వచ్చి బోను పెట్టారు, అందులో అరటిపండ్లు, బెల్లం పెట్టారు. ఎలుగొడ్డు పడలేదు. "పిల్లల తల్లి, హుషారుగా ఉంటాది. గుంపుగా పోండి, శబ్దం చేసుకుంటా పోండి" అని చెప్పిపోయారు. నేను హనుమంతప్ప వాళ్ళతో కలిసి పోయేదాన్ని. డబ్బా మోగించేదాన్ని. కలుపు తీస్తున్నంతసేపూ వీపు మీద ఎవరో నిలబడ్డట్టే ఉండేది. రెండు మొక్కలకొకసారి తిరిగి చూసేదాన్ని. ఇంటికొచ్చేసరికి మెడ పట్టేసేది.

ఇంట్లో అత్త ఇంకో భయంలో ఉంది. ప్రేమలతమ్మ బొంతను సబ్బేసి, సోడా వేసి, ఎండేసి, మళ్ళీ ఉతికింది. మధ్యలో మరక పోలేదు. వేరేది కుడదామంటే ఆమె ఇచ్చిన చీరలు అయిపోయాయి. "కాన్పుకని అడిగింది మే, శుభమాని. ఏం మొగం పెట్టుకోని ఇచ్చేది?" అని రోజూ అనేది.

ఒక మధ్యాహ్నం ప్రేమలతమ్మే వచ్చింది. అత్త బొంత తెచ్చి ముందర పరిచింది. ప్రేమలతమ్మ మరక చూసింది. లోపలి గదిలో మూలకు, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్న చంద్రనూ చూసింది. ఆమెకు ఎవరో చెప్పే ఉంటారు.

"వేరేది కుట్టి ఇస్తా అమ్మా, కొంచెం టైమియ్యి" అంది అత్త.

"వేరేది ఎందుకు? ఇదే ఇయ్యి."

"మరక..."

"మనిషిని సావులో నుంచి మోసుకొచ్చిన బొంత జయలక్ష్మమ్మా. చెడ్డదెట్ల అయితాది? నా కూతురు దీంట్లోనే పండుకుంటాది." ఆమె బొంతను మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "మా వీధిలో ఇంకా ముగ్గురు అడగతాండారు. చీరలు తెచ్చినా. నీ చేత అవుతుందా, నువ్వొక్కదానివే?"

అత్త మూలకు చూసింది, నాకేసి చూసింది. "చూస్తా" అంది.

ప్రేమలతమ్మ తెచ్చిన చీరల మూటలోంచి తీసి కొత్త బొంతకు పరిచింది. అడుగున ఒక చీర, మధ్యలో పాత పంచెలు, లుంగీలు, పైన ఇంకో చీర. మూలలకు రాళ్ళు పెట్టింది. అంచు వెంబడి మొదలుపెట్టి లోపలికి చుట్టూ తిరుగుతూ రావాలి. ఒంటరిగా వెలుతురు వైపు కూర్చుని కుట్టేది. చంద్ర మూల నుంచి చూసేవాడు. అంతకుముందు ఆయన ఏనాడూ అటు చూసి ఎరగడు.

ఒకరోజు నేను చేని నుంచి వచ్చేసరికి అత్త పెరట్లో ఉంది. చంద్ర బొంత మీదికి వంగి ఉన్నాడు. చేతిలో సూది. నన్ను చూసి దొంగలాగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను చూడనట్టు నీళ్ళు తాగడానికి పోయాను. అత్త వచ్చింది. కూర్చుంది. తన వరస పక్కన ఎగుడుదిగుడుగా ఉన్న వరస కనిపించింది ఆమెకు. దాన్ని విప్పుతుందేమో అనుకున్నాను.

"ఇంకా దగ్గర దగ్గరగా ఎయ్యి నాయనా" అంది. అంతే. ఇంకో సూదికి దారం ఎక్కించి తన పక్కన గుడ్డకు గుచ్చిపెట్టింది.

అప్పటి నుంచి ఇద్దరూ కుట్టేవాళ్ళు. ఆమె ఒక వైపు, ఆయన ఒక వైపు. కుడుతున్నంతసేపు కుక్కరు విజిలేసినా తల ఎత్తేవాడు కాదు. కుట్టడం ఆపితే మళ్ళీ తలుపు కేసి చూసేవాడు. మగోడు బొంత కుడుతున్నాడని ఊళ్ళో మాట లేచింది. యల్లప్ప అనే ఆయన అరుగు దగ్గర నిలబడి, "ఏమబ్బా చంద్రా, రైకలు కూడా కుడతావా?" అని నవ్వాడు. అత్త లోపలి నుంచే, "కుడతాడు, నీ కొలతలు ఇచ్చిపో" అంది. ఆ తర్వాత ఆయన మా ఇంటి ముందు నిలబడలేదు.

బొంత సగానికి వచ్చేసరికి మా నాయన ఆదెప్ప దిగాడు. మా పుట్టిల్లు హిందూపురం అవతల, చిలమత్తూరు దగ్గర. అక్కడ సగం ఊరు బెంగుళూరులోనే ఉంటుంది. ఆయనకూ అక్కడ తెలిసినవాళ్ళున్నారు.

"అల్లుడా, అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని చెప్పి పెట్టినా. గది ఇస్తారు. ఈ కొండ కింద ఎన్నాళ్ళు వణుక్కుంటా ఉంటారు? ఆడ ఎలుగొడ్లు లేవు, ఏం లేవు."

"పోదాం మామా" అన్నాడు చంద్ర, ఆయన మాట పూర్తికాకముందే.

కాయ ఊరుతున్న చేను ఏమవుతుంది? అత్త ఏమవుతుంది? అత్తను చూశాను. ఆమె కుట్టడం ఆపలేదు.

"మరి ఎప్పుడు?" అన్నాడు నాయన.

"ఇది అయిపోనీ" అన్నాడు చంద్ర, బొంత చూపించి. "ఇది అయిపోతానే బండెక్కుతాం."

ఆ మాట తర్వాత నాకు బొంతను చూస్తేనే భయం పట్టుకుంది. పొద్దున చేనికి పోయేటప్పుడు కొండ కేసి చూసేదాన్ని. సాయంత్రం వచ్చి బొంత ఎంతయిందో చూసేదాన్ని. రోజురోజుకీ మధ్యలో కుట్టని చోటు తగ్గిపోతోంది. చాపంత ఉండేది, తర్వాత తలగడంత అయింది. తర్వాత కంచమంత.

అక్కడ ఆగిపోయింది.

చంద్ర కడుపునొప్పన్నాడు. మర్నాడు చేతులు లాగుతున్నాయన్నాడు. అత్త తన వైపు వరసలన్నీ ముగించి, ఆ కంచమంత జాగా ఆయనకు వదిలేసి కూర్చుంది. మూడోనాడు నేను సంగటి ముద్ద పెట్టి, ఊరుబిండి పచ్చడి వేసి కంచం ముందర పెట్టాను. ఆయన తినలేదు. బొంత నడుమనున్న ఆ జాగా కేసి చూస్తున్నాడు.

"ఏమి నాయనా?" అంది అత్త.

"అయిపోతే?" అన్నాడు.

"ఆఁ?"

"ఇది అయిపోతే నేనేం జెయ్యాల్మా? ఆ గేటు కాడ నిలబడల్ల. వచ్చేటోళ్ళు పోయేటోళ్ళు అందరూ ఈ మొగం చూస్తారు. చిన్న పిల్లోళ్ళుంటారు. జడుసుకుంటారు. ఈడ కొండ, ఆడ జనాలు. నేను యాడికి పోవాల?"

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం అదే మొదలు. కుట్టుపడిన పెదవి కొసన మాట నలిగి వస్తోంది. కంచం అటు జరిపాను, ఇటు జరిపాను.

అత్త లేచింది. మూల నుంచి ప్రేమలతమ్మ మూట లాగింది. ఎర్ర అంచు పచ్చ చీర ఒకటి తీసి, దులిపి, ఆ బొంత పక్కనే నేల మీద పరిచింది. దాని మీద ఒక్కొక్క పాత గుడ్డ సర్దుకుంటూ వచ్చింది.

"అయిపోతే ఇంకోటి" అంది.

ఆయన ఆ పచ్చ చీర కేసి చూశాడు. తర్వాత కంచం దగ్గరికి లాక్కుని తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, ఆ కంచమంత జాగా ఆ పూటే కుట్టేశాడు. చివరి కుట్టు వేసి ముడి పెట్టి, దారం కొరకబోయాడు. పెదవి సరిగా మూసుకోదు కదా, పంటికి దారం అందలేదు. అత్త వంగి కొరికింది. ఆయన అరచేత్తో బొంతంతా నిమిరాడు. నన్ను చూశాడు. గాయపడని వైపు చెంప కొంచెం కదిలింది. ఆ ముఖంలో నవ్వు ఎలా ఉంటుందో నాకు అప్పటికి తెలియదు. తెలిశాక భయం వేయలేదు.

మా నాయన ఫోన్ చేస్తే, "ఇంకోటి పట్టుకున్నాం మామా, ఇది కానీ" అన్నాడు. తర్వాతి వారం చేస్తే మళ్ళీ అదే మాట. నాలుగోసారికి మా నాయన అడగడం మానేశాడు.

వేరుశనగ పీకే రోజులు వచ్చాయి. తుంపర పడుతోంది. తడి ఆరకముందే పీకాలి, లేకుంటే కాయ భూమిలో ఉండిపోతుంది. కూలి ఆడవాళ్ళు టీ తాగి వస్తామన్నారు. హనుమంతప్ప పెనుకొండ పోయాడు. పొద్దెక్కిందిలే, ఏమవుతుందిలే అనుకుని నేను ముందు పోయాను. చేతిలో డబ్బా ఉంది. చేని గట్టు దగ్గరికి పోయేసరికి గాలి అటు నుంచి తిరిగింది.

ముందు వాసన వచ్చింది. తడిసిన వెంట్రుకలు, కుళ్ళిన సీతాఫలం. తర్వాత చూశాను.

గట్టు మీద, నాకు పది పన్నెండు అడుగుల్లో, ఎలుగొడ్డు. తల కిందికి వేసుకుని చీమల పుట్ట తవ్వుతోంది. ఒక పిల్ల దాని వీపు మీద వెంట్రుకలు పట్టుకుని కూర్చుంది. ఇంకో పిల్ల పక్కన. డబ్బా మోగించాలి. చెయ్యి లేవలేదు. అరవాలి. అరుపు రాలేదు. ఎలుగొడ్డు తల ఎత్తింది. మూతి తెల్లగా, మట్టి అంటుకుని ఉంది. ముక్కు అటూ ఇటూ కదిపింది. నా వాసన పట్టుకుంది. ఆ గోళ్ళు చూశాను. నా పిడికిలి కంటే పొడుగు.

నేను కదల్లేదు. ధైర్యం ఉండి కాదు. ఒళ్ళు నా మాట వినలేదు. చంద్ర ముఖం ఆ గోళ్ళ మీదే కనిపిస్తోంది.

అది బుస్సుమంది. పక్కనున్న పిల్ల తల్లి వీపు మీదికి పాకింది. రెండింటినీ మోసుకుని ఎలుగొడ్డు గట్టు దిగి, కలివికంప దాటి, తొందర లేకుండా కొండ ఎక్కిపోయింది.

నేను వెనక్కి ఎలా వచ్చానో గుర్తు లేదు. ఇంట్లోకి వచ్చి గోడకు చేరగిలబడ్డాను. అత్త "ఏమి మే?" అంది. చంద్ర బొంత దగ్గర నుంచి తల ఎత్తి చూశాడు. లేచి నా దగ్గరికి వచ్చాడు. ఒక్కసారి గాలి పీల్చాడు. నా బట్టలకు అంటిన ఆ వాసన ఆయనకు తెలిసింది. ఆయన ముఖం పాలిపోయింది. మంచం కిందికి పోతాడనుకున్నాను.

పోలేదు. నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి బొంత దగ్గర కూర్చోబెట్టాడు. తన సూది నా వేళ్ళలో పెట్టాడు.

"కుట్టు" అన్నాడు.

"నాకు రాదు..."

"రాకపోతే ఏం. సూది మొన చూడు. ఇంగ యాడా చూడద్దు. గుచ్చు. ఇట్ల తియ్యి. మళ్ళా గుచ్చు."

సూది వేలికి దిగింది. రక్తం బొట్టు పచ్చ చీర మీద పడింది. ఆయన తుడవలేదు, నన్ను ఆపలేదు. "గుచ్చు" అన్నాడు. నేను కుట్టాను. ఆయనా ఇంకో సూది తీసుకుని నా పక్కనే కుట్టాడు. కుడుతూ కుడుతూ ఆ రోజు సంగతి చెప్పాడు. అంతకుముందు ఒక్క మాటా చెప్పని మనిషి. మోటారు కొట్టం తలుపు ఎలా తీశాడో, వెనక చిటుక్కుమంటే కుక్క అనుకున్నాడో, కింద పడ్డాక మట్టిలో ఒక చెనిక్కాయ చెట్టు పువ్వు కళ్ళకెదురుగా ఎంత పెద్దగా కనిపించిందో. నాకు వినాలని లేదు. విన్నాను. మాటకొక కుట్టు వేశాను. ఒక వరస అయ్యేసరికి నా పళ్ళు కొట్టుకోవడం తగ్గింది.

అత్త ఆ వరస చూసి, "పాములు పోయినట్టుండాది" అంది. కానీ విప్పలేదు.

మర్నాడు చేనికి పోవాల్సిందే. కాయ భూమిలో ఉంది. ఈసారి కూలి ఆడవాళ్ళు ఏడుగురు, నేను, హనుమంతప్ప, రెండు డబ్బాలు. వాకిట్లో చెప్పులేసుకుంటుంటే చంద్ర గడప దాకా వచ్చాడు. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. వేళ్ళు తెల్లబడ్డాయి. నేను డబ్బా తీసుకుని బయల్దేరాను.

రోజంతా పీకాం. ఏమీ రాలేదు. ఆకు కదిలినప్పుడల్లా అందరం ఒకేసారి తల ఎత్తాం, మళ్ళీ వంగాం. సాయంత్రం చింతచెట్టు మలుపు తిరిగి మా వీధిలోకి వచ్చాను. వచ్చి ఆగిపోయాను.

చంద్ర అరుగు మీద కూర్చుని ఉన్నాడు. బయట, వీధి మొత్తం చూసేట్టు. తువ్వాలు భుజం మీద ఉంది. ఒళ్ళో కొత్త బొంత ఒకటి. పచ్చ చీరది అత్తకు వదిలి, ఆ పొద్దున మొదలుపెట్టింది.

దగ్గరికి పోయాను.

"ఏమన్నా అగుపడిందా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"లేదు."

"రేపు?"

"రేపు కూడా పోవల్ల. ఇంగా సగం చేను ఉండాది."

ఆయన తల ఊపాడు. బొంత అంచు నా వైపు తిప్పాడు. "నువ్వు ఆ మలుపు తిరిగి కనపడకుండా పోయినప్పుడు ఈడ పట్టుకున్నా" అన్నాడు.

అక్కడ కుట్లు ఎక్కడెక్కడికో పడి ఉన్నాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, దారం రెండు చోట్ల తెగి ముడి పడింది. వేలితో ఆ వరస వెంబడి వస్తూ చూపించాడు. ఒక వైపంతా దాటింది. మూల తిరిగాక కుట్లు కుదురుకున్నాయి, దగ్గరపడ్డాయి, అత్త వేసినట్టే. రెండో వైపు సగంలో వేలు ఆగింది. అక్కడ సూది గుడ్డలోకి దిగి, ఇంకా బయటికి రాకుండా అలాగే నిలబడి ఉంది.

"ఈడ నువ్వు అగుపడితివి" అన్నాడు.